సీఆర్‌జే-200: కాళ్లకు ఫర్వాలేదు, పెట్టెకే చోటు లేదు

అమెరికాలో హబ్ (విమానం మారే పెద్ద విమానాశ్రయం) నుంచి చిన్న యూనివర్సిటీ ఊరికి వెళ్లే ఆఖరి అంచెలో పెద్ద విమానం తీసేసి సీఆర్‌జే-200 అనే యాభై సీట్ల చిన్న జెట్ వేశారనగానే అందరూ ముందు అడిగేది కాళ్లు పడతాయా అనే. పడతాయి. అటు రెండు, ఇటు రెండు సీట్లు, నడిమి సీటు గొడవే లేదు. వంగితే తప్ప బయటేమీ కనబడని కిటికీలు, వెనక ఒకే ఒక్క టాయిలెట్, చివరి వరసల పక్కనే ఇంజిన్ల హోరు... గంట ప్రయాణంలో ఇవన్నీ ఓర్చుకోవచ్చు. నాకు ఒళ్లు మండేది తల మీద ఉండే సామాను అరను చూస్తేనే.

22 x 14 x 9 అంగుళాల చక్రాల పెట్టె పెద్ద విమానాల్లో దర్జాగా క్యాబిన్ బ్యాగ్‌గా చెల్లుతుంది. ఇందులో ఎటు తిప్పినా దూరదు. ఛాలెంజర్ అనే బిజినెస్ జెట్‌ను సాగదీసి చేసిన విమానం ఇది. బయటి కొలతే 2.69 మీటర్ల వ్యాసం, నడవాలో ఎత్తు 1.85 మీటర్లు. ఆ గొట్టంలో వరసకు నాలుగు సీట్లు పెట్టాక అరకు ఇంకేం మిగులుతుంది? లాప్‌టాప్ సంచి, కోటు, మెత్తటి చిన్న బ్యాగ్, అంతే.

కాబట్టి గేటు దగ్గర పెట్టెకు ట్యాగ్ కట్టి, విమానం తలుపు పక్కన వదిలి ఎక్కమంటారు. చాలామంది దెబ్బతినేది ఇక్కడే. ట్యాగ్‌లు రెండు రకాలు. ఒకటి కడితే దిగగానే జెట్‌బ్రిడ్జి (గేటుకీ విమానం తలుపుకీ మధ్య ఉండే నడవ) మీదే పెట్టె చేతికిస్తారు. రెండోది కడితే అది చెకిన్ సామానుతో కలిసి చివరి ఊరి బెల్టు మీదికే వస్తుంది. హడావుడిలో ఏది కట్టారో చూసుకోకపోతే, మధ్యలో దిగే ఊళ్లో జెట్‌బ్రిడ్జి మీద రాని పెట్టె కోసం నిలబడి కనెక్షన్ (ఎక్కాల్సిన తర్వాతి విమానం) పోగొట్టుకుంటారు. లేదా పెట్టె జెట్‌బ్రిడ్జి మీదే ఉండిపోయి, మనిషి బెల్టు దగ్గర ఎదురుచూస్తుంటాడు. ట్యాగ్ కట్టేటప్పుడే "విమానం దగ్గర ఇస్తారా, బెల్టు మీదా?" అని అడగండి. చీటీ మీద ఎయిర్‌పోర్టు కోడ్ చదవండి, ట్యాగ్ నుంచి చించి మీకిచ్చే ముక్క పారేయకండి.

పెట్టె ఇచ్చేముందు పవర్ బ్యాంకులు, విడి లిథియం బ్యాటరీలు తీసేయాలి. ఇది అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ నిబంధన, సిబ్బంది చాదస్తం కాదు. క్యూలో పెట్టెను నేల మీద పరిచి, బట్టల మడతల కింద పవర్ బ్యాంక్ కోసం తడుముకునేవాళ్లు ప్రతి ఫ్లైటుకీ కనిపిస్తారు. దీనికి మందు ఒకటే: పాస్‌పోర్టు, ఐ-20 (విద్యార్థులకు యూనివర్సిటీ ఇచ్చే పత్రం), మందులు, బంగారం, బ్యాటరీలు అన్నీ ఒక గుడ్డ సంచిలో వేసి పెట్టె పైపొరలోనే ఉంచుకోవడం. ట్యాగ్ కట్టమన్నప్పుడు ఆ సంచి ఒక్కటి పైకి లాగేస్తే సరి.

యాభై మందే కాబట్టి చకచకా దిగిపోవచ్చని ఈ విమానాన్ని మెచ్చుకునేవాళ్లలో నేనూ ఉన్నాను. వీపు సంచి ఒక్కటే ఉంటే ఆ మాట నిజమే. పెట్టె ఉంటే మాత్రం లాభమంతా జెట్‌బ్రిడ్జి మీదే కరిగిపోతుంది. పిడుగులు పడే వేళ కింద సామాను దించే పనే ఆపేస్తారు. అందుకే నలభై నిమిషాల కనెక్షన్ ఎంత చవకగా వచ్చినా నేను తీసుకోను. గంటంబావు ఉండాలి.

పెట్టె బాధ చాలదన్నట్టు బరువు బాధ ఒకటి. గమ్యంలో వాతావరణం బాగోకపోతే ఇంకో విమానాశ్రయానికి మళ్లేందుకు అదనపు ఇంధనం నింపాలి. దూరం తక్కువ కాబట్టి అది ఖర్చవదు, దిగేటప్పటికీ ట్యాంకుల్లోనే ఉంటుంది. దిగేటప్పుడు బరువు 47,000 పౌండ్లు దాటకూడదు. వెయ్యి పౌండ్ల ఇంధనం ఎక్కువైందంటే నలుగురైదుగురు మనుషులో, వాళ్ల సామానో దిగాల్సిందే. మండుటెండలో మరో చిక్కు. దీని రెక్కల ముందు అంచుకు స్లాట్‌లు (పైకి లేవడానికి సాయపడే కదిలే పలకలు) లేవు, వేడిగాలిలో బరువుతో పైకి లేవడానికి ఆయాసపడుతుంది.

అలా దింపేస్తే పరిహారం వస్తుందనుకోకండి. అరవై, అంతకు తక్కువ సీట్ల విమానంలో భద్రత కోసం బరువు తగ్గించాల్సి వచ్చి దింపితే ఇవ్వనక్కర్లేదని అమెరికా రవాణా శాఖ నిబంధనే చెబుతోంది. నిర్వహణ లేదా భద్రతా కారణాలతో పెద్ద విమానం బదులు చిన్నది వేసినప్పుడు చోటు చాలక వదిలేసినా అంతే. కాబట్టి ఎవరైనా స్వచ్ఛందంగా ఆగుతారా అని గేటులో అడిగినప్పుడే బేరమాడుకోవాలి. తర్వాత చేతిలో ఏమీ ఉండదు.

టికెట్ కొనేటప్పుడు విమానం పేరు దగ్గర సీఆర్2 అని ఉంటే ఇదే. కొన్నాక కూడా మారుస్తారు, సీట్ల పటం మళ్లీ తెరిచి చూడండి: వరసకు నాలుగే సీట్లు, పదమూడో వరసతో సరి అంటే విమానం మారినట్టే. అదే ఊరికి ఎంబ్రాయర్ 175 విమానం ఉంటే ధర కాస్త ఎక్కువైనా అదే కొనండి, దాని అరలో చక్రాల పెట్టె పడుతుంది. 2019లో వచ్చిన సీఆర్‌జే-550లోనూ యాభై సీట్లే గానీ, పెట్టెలకు లోపలే బీరువాలు పెట్టారు. చిన్న విమానంలో చోటు చేయడం కుదరని పని కాదన్నమాట.

ఒంటరిగా, వీపు సంచితో అయితే సీఆర్‌జే-200 నాకు అభ్యంతరం లేదు. ఇండియా నుంచి అమ్మానాన్నలు తలా రెండు 23 కిలోల పెట్టెలతో దిగుతుంటే లెక్క వేరు. హబ్ నుంచి కారులో మూడు గంటల లోపైతే నేనే వెళ్లి తెచ్చుకుంటాను. అంతకన్నా దూరమైతే, మంచు పడే నెలలైతే, కారు లేని విద్యార్థులైతే దీన్నే నమ్ముకోక తప్పదు. మోకాళ్ల నొప్పులుంటే వీల్‌చెయిర్ టికెట్‌తోనే అడిగిపెట్టండి. కొన్ని చోట్ల జెట్‌బ్రిడ్జి ఉండదు, ఈ విమానం తలుపుకే ఉండే మెట్లు నిటారుగా ఉంటాయి.