గ్రేస్‌ల్యాండ్: వినడమా, చూడడమా?

అమెరికన్ గాయకుడు పాల్ సైమన్ 1986లో వెలువరించిన గ్రేస్‌ల్యాండ్ ఆల్బమ్‌ను వినడం వేరు, 1987లో జింబాబ్వే రాజధాని హరారేలోని రుఫారో స్టేడియంలో చిత్రీకరించిన ఆయన కచేరీని చూడడం వేరు. ఆల్బమ్‌లో నగిషీ ఎక్కువ. బాకితి కుమాలో వాయించిన ఒక బేస్ గిటార్ విన్యాసంలో రెండో సగం, నిజానికి మొదటి సగాన్నే టేపు మీద వెనక్కి తిప్పి అతికించినది. వేదిక మీద అటువంటి వెసులుబాటు లేదు.

అయినా నా మొగ్గు కచేరీ వైపే. ఆల్బమ్‌లో లేని దక్షిణాఫ్రికా సంగీతకారులు మిరియం మకేబా, హ్యూ మసెకేలా ఇందులో ఉన్నారు. వర్ణవివక్ష కారణంగా స్వదేశానికి దూరమైన వారిద్దరూ పొరుగు దేశంలో నిలబడి పాడడం, అప్పటికింకా చెరలోనే ఉన్న మండేలాను విడిచిపెట్టమని మసెకేలా పాట అడగడం కళ్ళారా చూడవలసినవి. దక్షిణాఫ్రికా గానబృందం లేడీస్మిత్ బ్లాక్ మంబాజో గాయకులు గొంతులు కలుపుతూనే ఒక్కసారిగా కాళ్ళు పైకి విసిరే అడుగులు, ఎంత మంచి హెడ్‌ఫోన్లు పెట్టుకున్నా వినిపించవు.