భూమి చరిత్ర గోడబొమ్మ: కొలత పట్టీ మేలా, పొరల బొమ్మ మేలా?

భూమి వయసు దాదాపు 454 కోట్ల ఏళ్లు. కోటి ఏళ్లకు ఒక సెంటీమీటరు చొప్పున గీస్తే పట్టీ 454 సెంటీమీటర్లు, సుమారు 15 అడుగులు వస్తుంది. విశాఖలో ఏ బడి ప్రహరీ మీదైనా పడుతుంది.

ఎడమ చివర భూమి పుట్టుక. 214 సెం.మీ. దగ్గర గాలిలో ఆక్సిజన్ పెరగడం, 400 దగ్గర కేంబ్రియన్ జీవులు (రకరకాల జంతువులు ఒక్కసారిగా పెరిగిన కాలానివి), కుడి చివరికి 6.6 సెం.మీ. ముందు డైనోసార్ల అంతం. మనిషి జాతి వయసు 3 లక్షల ఏళ్లు, అంటే 0.3 మి.మీ. మాత్రమే. సన్న కుంచె గీత కూడా అంతకంటే లావు. అందుకే పట్టీలోని చివరి సెంటీమీటరును కింద విడిగా మీటరుకు పెంచి గీయాలి. అందులో మనిషికి 3 సెం.మీ. దక్కుతాయి. మొదటి 4 మీటర్లలో దాదాపు అన్నీ సూక్ష్మజీవులే. వెలితిగా ఉందని పెయింటర్లు అక్కడ చేపలు వేస్తామంటారు. వేయనివ్వకండి.

నేలలోని రాతి పొరలను ఒకదానిపై ఒకటి చూపే పొరల బొమ్మ కంటికి నిండుగా ఉంటుంది. కాలం కొలత మాత్రం అందదు. పైగా పుస్తకాల్లోని పొరల బొమ్మను ఇక్కడ దించితే తప్పు. కైలాసగిరి, డాల్ఫిన్స్ నోస్ ఖొండలైట్ కొండలు: పాత బంకమట్టి సుమారు 100 కోట్ల ఏళ్ల కిందట లోతున వేడికి, ఒత్తిడికి మారిన రాయి. భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బల వయసు వేల ఏళ్లే. ఆ రెంటి నడుమ డైనోసార్ల పొర వేయడానికి ఇక్కడ ఆ రాయే లేదు. కింద తుప్పురంగు రాయి, అందులో గార్నెట్ అనే ఖనిజపు ఎర్రచుక్కలు, పైన ఎగుడుదిగుడు గీత, ఆ పైన ఎర్రమట్టి వేసి, గీత వెంట ‘ఈ రెంటి నడుమ కోట్ల ఏళ్ల కాలపు రాయి ఇక్కడ లేదు’ అని రాయాలి.

ఒకటే గోడ ఉంటే పట్టీయే మేలు. రెండో గోడ దొరికితేనే పొరలు.

రంగు కోసం దిబ్బల మట్టి తేవద్దు, అది రక్షిత భూవారసత్వ స్థలం. ఆ ఎరుపు ఇనుప ఆక్సైడ్‌దే. దుకాణంలో దొరికే రెడ్ ఆక్సైడ్ కూడా అదే, ఎండకు వెలవదు. కొత్త ప్లాస్టరును 28 రోజులు ఆరనిచ్చి, ఎక్స్‌టీరియర్ ప్రైమర్ ఒక కోటు, యాక్రిలిక్ ఎమల్షన్ రెండు కోట్లు వేయాలి. ఎనామిల్ వద్దు: గోడలో తేమ బయటికి పోలేక ఉప్పు పొంగి, పెచ్చులూడుతుంది. బొమ్మలో సముద్రానికి ప్రష్యన్ బ్లూ అనే ముదురు నీలం వాడితే సిమెంటు క్షారానికి గోధుమరంగుకు తిరుగుతుంది.