నికెలా, ఇరిడియమా? విశాఖ బండికి ఏ ప్లగ్గు మేలు

రోజూ గాజువాక నుంచి జగదాంబ దాకా తిరిగే 110, 125 సీసీ బండికి మామూలు నికెల్ స్పార్క్ ప్లగ్గు చాలు. షాపులో దీన్నే రాగి ప్లగ్గు అంటారు గానీ, రాగి ఉండేది లోపల, వేడిని లాగేయడానికి. నిప్పురవ్వ దూకే మొన నికెల్‌దే.

ఇరిడియం గొప్పతనం సన్నదనంలో ఉంది. నికెల్ మొన మందం 2.5 మి.మీ. దాకా ఉంటే, ఇరిడియం మొన 0.4 నుంచి 0.6 మి.మీ. మాత్రమే. అందుకే తక్కువ వోల్టేజీకే స్పార్క్ వస్తుంది, పొద్దున్నే బండి తేలిగ్గా అందుకుంటుంది. 2,400 డిగ్రీలు దాటితే గానీ కరగదు కాబట్టి అరుగుదలా తక్కువే. ఇంజిన్ బాగున్న బండికి మాత్రం మైలేజీలో చెప్పుకోదగ్గ తేడా రాదు. పైగా బైకులకు అమ్మే చవక ఇరిడియంలో మొనకు ఎదురుగా నిప్పురవ్వను అందుకునే కింది కొక్కెం నికెల్‌దే. ముందు అదే అరుగుతుంది. దానికీ ప్లాటినం అతికిన రకమైతేనే కార్లలో లక్ష కి.మీ. దాకా నడుస్తుంది. మీ కారు మాన్యువల్‌లో ఇరిడియం అని ఉంటే, డబ్బు మిగులుతుందని నికెల్‌కు దిగొద్దు.

ప్లాటినం ఈ రెంటికీ మధ్యస్థం. ఒకే కాయిల్ రెండు సిలిండర్లకు స్పార్క్ ఇచ్చే పాత కార్లకు డబుల్ ప్లాటినం, అంటే మొనకూ కొక్కేనికీ ప్లాటినం ఉన్నది, సరైనది. బైకుకు దాని ఊసే అక్కర్లేదు.

లోహం కన్నా ముఖ్యం హీట్ రేంజ్, అంటే ప్లగ్గు తన వేడిని ఎంత త్వరగా వదిలించుకుంటుందన్నది. త్వరగా వదిలేది చల్ల ప్లగ్గు, నెమ్మదిగా వదిలేది వేడి ప్లగ్గు. ఎన్‌జీకే కంపెనీ సీపీఆర్8ఈఏ-9 ప్లగ్గులో 8 అంటే హీట్ రేంజ్, చివరి 9 అంటే మొనకూ కొక్కేనికీ మధ్య 0.9 మి.మీ. గ్యాపు. ఎన్‌జీకేలో అంకె పెరిగేకొద్దీ చల్ల ప్లగ్గు; బాష్‌లో దీనికి సరిగ్గా తిరగేసి లెక్క. అవసరానికి మించి చల్లది వేస్తే సిటీ ట్రాఫిక్‌లో నల్లగా మసి పడుతుంది. మరీ వేడిది వేసి ఇద్దరు కూర్చుని అరకు ఘాట్ ఎక్కితే, స్పార్క్ రాకముందే పెట్రోల్ అంటుకుని పిస్టన్‌కే ఎసరు. ఎండాకాలమని, ఘాట్ అని నంబరు మార్చకండి.

బీచ్ రోడ్డు వైపు ఇళ్లున్నవాళ్లకు ఇంకో తంటా ఉంది. ఉప్పుగాలి తేమ తెల్ల పింగాణీ మీద పేరుకుంటే కరెంటు బయటినుంచే జారిపోయి వానపొద్దుల్లో బండి మిస్ కొడుతుంది. ఇది ఇరిడియంతో తీరదు. పింగాణీని పొడిగుడ్డతో తుడిచి, క్యాప్ రబ్బరు పగిలితే మార్చాలి.

బిగింపు ఇంజిన్ చల్లారాకే. పాత ప్లగ్గు విప్పేముందు గాలి కొట్టి చుట్టూ ఉన్న ఇసుక తీసేయండి, లేదంటే సిలిండర్‌లో పడుతుంది. ఇరిడియం మొనను వైరు బ్రష్‌తో గీకొద్దు, విరుగుతుంది. 10 మి.మీ. మర ఉన్న కొత్త ప్లగ్గును చేత్తో ఆనేదాకా తిప్పి, ఆపైన పానాతో అర చుట్టు. పాతదే మళ్లీ వేస్తుంటే వాషర్ అప్పటికే నలిగి ఉంటుంది కాబట్టి చుట్టులో పదో వంతు చాలు. అంతకు మించితే అల్యూమినియం హెడ్‌లో త్రెడ్ పోతుంది.