అమలాపురంలో నా సైకిల్ చూసే షాపు

జనవరిలో సైకిల్ రేసుల్లో నా మొదటి ప్రొఫెషనల్ సీజన్. ఈలోపు సైకిల్ ఎవరి చేతిలో పెట్టాలా అని చాలా టెన్షన్ పడ్డాను. చివరికి కాలువ గట్టు పక్కనున్న ఈ చిన్న షాపుకే తీసుకెళ్లాను.

మా కోనసీమలో వంతెనలు తప్ప ఎత్తు ఎక్కడుంది? కొండ ఎక్కే సాధనంతా ఇంట్లో ట్రైనర్ మీదే, అంటే సైకిల్‌ని బిగించి ఉన్నచోటే తొక్కే స్టాండు మీద. చెమట హ్యాండిల్ లోపలికి దిగుతుంది. బయటికెళ్తే ఉప్పుగాలి. అంతర్వేది దాకా తొక్కి వచ్చి చైను తుడవకపోతే తుప్పు పడుతుంది.

నెల రోజులుగా కిర్రుమని ఒకటే చప్పుడు. పెడల్ బేరింగులే పోయాయనుకున్నాను. మేస్త్రిగారు వీధి చివరిదాకా తొక్కి చూసి, "బేరింగు కాదు బాబూ, సీటు పోస్టు" అన్నారు. సీటు కింద ఉండే ఆ గొట్టాన్ని బయటికి తీసి, శుభ్రంగా తుడిచి, జారకుండా పట్టునిచ్చే కార్బన్ పేస్టు రాసి, ఫ్రేము మీద రాసున్నట్టు సరిగ్గా 5 న్యూటన్ మీటర్లకు బిగువు కొలిచే టార్క్ రెంచీతో బిగించారు. చప్పుడు పోయింది. కొత్త బేరింగులు వేసి డబ్బు తీసుకోవచ్చు, ఆయన ఆ పని చేయలేదు. అందుకే ఆయనంటే నాకు గురి.

పోటీ సైకిల్ 6.8 కిలోలకు తగ్గకూడదని అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య యూసీఐ నియమం. నాదాన్ని కొక్కెం కాటాకి వేలాడదీస్తే 7.4 వచ్చింది. తేలిక చక్రాలు కొందామనుకున్నాను. "ముందు మంచి టైర్లు, రెండు చైన్లు కొనుక్కో" అన్నారాయన. అదే చేశాను.

ఇబ్బందల్లా పార్టులతోనే. డిస్క్ బ్రేక్ ప్యాడ్లు హైదరాబాద్ నుంచి రావడానికి తొమ్మిది రోజులు పట్టింది. ముందే చెప్పి తెప్పించుకోండి. మొత్తం పనికి 450 రూపాయలు తీసుకున్నారు.