బాపూజీయా, పీవీయా? ప్రాజెక్టుకు ఎవరిని తీసుకోవాలి

ఓరుగల్లు వైపు బడుల్లో "ఉద్యమకారుడి నుంచి మంత్రి వరకు" అని ప్రాజెక్టు ఇస్తే, చాలామంది చేయి పీవీ మీదే పడుతుంది. కొండా లక్ష్మణ్ బాపూజీనీ ఒకసారి పీవీతో పోల్చి చూడండి.

పీవీ 1921లో నర్సంపేట దగ్గర లక్నేపల్లిలో పుట్టి, దత్తతతో వంగరకు వెళ్లారు. ఇక్కడే పిల్లలు పొరబడతారు: వంగర ఒకప్పుడు కరీంనగర్ జిల్లా, ఇప్పుడు హనుమకొండ. రెండు ఊర్లనూ రాసి, ఏది పుట్టినూరో స్పష్టంగా చెప్పండి. 1938 వందేమాతరం ఉద్యమం, 1957 నుంచి మంథని ఎమ్మెల్యే, 1962లో మంత్రి, 1971లో ముఖ్యమంత్రి. సమాచారం కుప్పలుగా దొరుకుతుంది, కానీ ప్రధాని కాలం మొత్తాన్నీ మింగేస్తుంది.

బాపూజీ 1915లో ఆసిఫాబాద్ ప్రాంతపు వాంకిడిలో పుట్టారు. వృత్తి వకీలు. 1947 డిసెంబరు 4న నిజాం కారుపై బాంబు వేసింది వరంగల్ యువకుడు నారాయణరావు పవార్. ఆ కేసు నిందితుల్లో బాపూజీ ఒకరు. 1952లో ఎమ్మెల్యే, తర్వాత మంత్రి.

అసలు పోలిక 1969లో ఉంది. ఇద్దరూ కాసు బ్రహ్మానందరెడ్డి మంత్రివర్గంలోనే పనిచేశారు. ప్రత్యేక తెలంగాణ కోసం బాపూజీ పదవి వదిలేశారు, పీవీ కొనసాగారు. తర్వాత ముఖ్యమంత్రిగా ముల్కీ తీర్పును (తెలంగాణ ఉద్యోగాలు స్థానికులకే అన్న నిబంధనలు చెల్లుతాయన్న సుప్రీంకోర్టు తీర్పు) సమర్థించిన పీవీ, ప్రత్యేక ఆంధ్ర కోరిన జై ఆంధ్ర ఉద్యమం ముదిరాక 1973 జనవరిలో కుర్చీ దిగారు. దీన్ని ధైర్యం, పిరికితనం అని తేల్చేస్తే మార్కులు పోతాయి.

నాలుగు పేజీలే అయితే బాపూజీనే తీసుకోండి. 2001లో తెరాస పుట్టిన జలదృశ్యం ఆయన ఇల్లే, ముగింపు పేజీ దానికి ఉంచండి.