గుంటూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రి కోవిడ్ వార్డు, 11 రోజులు: 5కి 3

ఊపిరితిత్తుల వరకే అడిగితే ఈ ఆసుపత్రికి ఐదుకి ఐదూ ఇస్తాను. 86 ఆక్సిజన్‌తో స్ట్రెచర్ మీద వెళ్ళినదాన్ని, నా కాళ్ళ మీద నడిపించి పంపారు. ఆ రోజుల్లో బెడ్డు దొరకడమే గొప్ప. మందులు టైముకి ఇచ్చారు. ముందు చెప్పినదానికన్నా బిల్లులో ఒక్క రూపాయి ఎక్కువ వేయలేదు. రెండు స్టార్లు తగ్గించింది వేరే సంగతికి. లోపలున్న 11 రోజుల్లో నా మనసు ఎలా ఉందో అడిగింది ఒకే ఒక్క మనిషి. ఆసుపత్రి పేరు రాయను. అప్పుడు వేరే చోట్ల పడుకున్న మా చుట్టాలు కూడా దాదాపు ఇవే మాటలు చెప్పారు. వార్డు నడిపేవాళ్ళు ఎవరైనా ఇది చదవాలని రాస్తున్నాను. ఇంకో జబ్బు వచ్చి వార్డులు నిండే రోజు మళ్ళీ రాకపోదు.

నాది తెనాలి. ఇంట్లోనే రెండు మిషన్లు పెట్టుకుని జాకెట్లు, చిన్నపిల్లల గౌన్లు కుడతాను. 2021 మే 7న చేరాను. ఊపిరితిత్తులు ఎంత దెబ్బతిన్నాయో చెప్పే సీటీ స్కోరు 25కి 14. మా ఆయనకీ పాజిటివే గానీ తేలిగ్గా ఉండడంతో ఇంట్లోనే ఉంచారు. అబ్బాయి ఒక్కడే తిరిగాడు. మధ్యాహ్నం 12 నుంచి కర్ఫ్యూ కాబట్టి ఆలోపే క్యారేజీ తెచ్చి గేటు దగ్గర ఇచ్చి వెళ్ళిపోయేవాడు.

మాది ఆరు మంచాల వార్డు. గోడకి గడియారం లేదు. కిటికీ అద్దాలకి నల్ల కాగితం అంటించారు. లైట్లు రాత్రీ పగలూ వెలుగుతూనే ఉండేవి. ఇడ్లీ వస్తే పొద్దున, ఉప్మా వస్తే సాయంత్రం అని లెక్కపెట్టుకునేదాన్ని. ఒకరోజు సాయంత్రం కూడా ఇడ్లీయే వచ్చింది. తెల్లారిందేమో అనుకుని, అబ్బాయి ఇంకా ఫోన్ చేయలేదేమని ఏడ్చాను. వచ్చేవాళ్ళందరూ తెల్ల సూట్లలోనే ఉండేవారు. ముఖం మీది అద్దానికి ఆవిరి పట్టి కళ్ళు కూడా కనిపించేవి కావు. ఎవరు డాక్టరో, ఎవరు ఊడ్చేవాళ్ళో తెలిసేది కాదు. నన్ను పిలిచే పేరు "నాలుగో బెడ్".

మే 10 రాత్రి సంగతి చెప్పాలి. తిరుపతి రుయా ఆసుపత్రిలో ట్యాంకర్ రావడం ఆలస్యమై, ఆక్సిజన్ తగ్గి 11 మంది పోయారని ఫోన్లలో వచ్చింది. రెండో బెడ్డు కుర్రాడు పైకే చదివాడు. అంతే, వార్డులో మాట లేదు. అందరం తలలు తిప్పి ఎవరి గోడ వైపు వాళ్ళం చూశాం. అక్కడ ఆక్సిజన్ మీటరులో చిన్న గోళీ ఒకటి తేలుతూ ఉంటుంది, కింద సీసాలో నీళ్ళు బుడబుడమంటుంటాయి. ఆ గోళీ దిగుతుందేమోనని రాత్రంతా చూస్తూ పడుకున్నాను. కళ్ళు మూస్తే ఆగిపోతుందేమో అనిపించేది. "మన దగ్గర ఇన్ని గంటలకి సరిపడా ఉంది, భయపడకండి" అని ఒక్కరు వచ్చి చెప్పి ఉంటే, కనీసం ఆరుగురిలో నలుగురం పడుకునేవాళ్ళం. మర్నాడు పొద్దున నేనే అడిగితే, "అవన్నీ మీకెందుకమ్మా, మీరు రెస్ట్ తీసుకోండి" అన్నారు. ప్రాణం దాని మీదే ఉంటే నాకెందుకు కాదు?

ఇక పరదా. నా మంచానికీ ఐదో మంచానికీ మధ్య ఆకుపచ్చ పరదా ఉండేది. కుట్టుపని చేసేదాన్ని కాబట్టి మొదటి రోజే కనిపెట్టాను, అందులో ఒక పన్నా తక్కువ వేశారు. ఎంత లాగినా చివర్లో జానెడు సందు మిగిలిపోయేది. ఐదో బెడ్డులో ఒక పెద్దాయన ఉండేవారు. పెదనందిపాడు వైపు, మిర్చి రైతు. ఊపిరి కాస్త తేలికగా ఉన్నప్పుడు ఈసారి కాయ ఎంత ఎర్రగా దిగిందో చెప్పేవారు. ఆరో రోజు తెల్లవారుజామున ఆయన పోయారు. పరదా లాగారు. సందులోంచి ఇద్దరు మనుషులు, ఒక నల్ల సంచి కనిపించాయి. తల అటు తిప్పుకున్నాను గానీ చెవులు మూసుకోలేకపోయాను. సంచి జిప్పు పాదాల దగ్గర మొదలై పైదాకా వచ్చింది. మధ్యలో ఒకచోట ఇరుక్కుంటే, వెనక్కి లాగి మళ్ళీ వేశారు. ముప్పై ఏళ్ళుగా జిప్పులు కుడుతున్నాను. ఎంత పొడవు జిప్పో శబ్దాన్ని బట్టే తెలిసిపోతుంది నాకు.

ఆ తర్వాత మా దగ్గరికి ఎవరూ రాలేదు. మంచం తుడిచారు, దుప్పటి మార్చారు, గంటన్నరలో కొత్త మనిషిని తెచ్చారు. ఆయన గురించి ఒక్క మాట లేదు.

ఆ సాయంత్రమే నాకు ఆక్సిజన్ పడిపోయి పైన ఇంకో గదికి మార్చారు. అక్కడ నా ఫోను, కళ్ళజోడు ఒకే కవర్లో వేసి, స్టిక్కర్ అంటించి బీరువాలో పెట్టేశారు. కళ్ళజోడు లేకపోతే నాకు నాలుగు అడుగుల అవతల అంతా మసకే. ఆ మూడు రోజులు ఏం జరిగిందో సగం ఇప్పటికీ తెలియదు. చనిపోయిన మా అమ్మ కాళ్ళ దగ్గర కూర్చుని కాజాలు కుడుతున్నట్టు కనిపించింది. తెల్ల సూట్లవాళ్ళు మమ్మల్ని కూడా సంచుల్లో పెట్టడానికే తిరుగుతున్నారనిపించి ముక్కు దగ్గర పైపు పీకేశానట. చేతులు కట్టేశారు. నాకు పిచ్చి పట్టిందనుకున్నాను. అదే అందరికీ తెలిసిపోతుందేమోనన్న భయం చావు భయాన్ని మించిపోయింది.

దాన్ని డెలిరియం అంటారని చాలాకాలం తర్వాత తెలిసింది. ఒంట్లో ఇన్ఫెక్షను, ఆక్సిజన్ తక్కువ, నిద్ర లేకపోవడం, పగలో రాత్రో తెలియకపోవడం, అన్నీ కలిస్తే ఎంత గట్టివాళ్ళకైనా వస్తుందట. మాకు ఇచ్చిన స్టెరాయిడ్ ఇంజక్షన్ కూడా నిద్ర చెడగొడుతుందట. దీన్ని తగ్గించడానికి చేసే పనుల్లో ముఖ్యమైనవి ఏంటంటే, గడియారం కనిపించేలా పెట్టడం, కళ్ళజోడు ఇవ్వడం, రాత్రి లైట్లు తగ్గించడం, అయినవాళ్ళ గొంతు వినిపించడం. వీటిలో లక్షలు పోసి కొనాల్సింది ఏదీ లేదు. ఫోన్ల సంగతైతే, వార్డుల్లోనూ ఐసీయూల్లోనూ రోగులకి ఫోన్లు, ట్యాబ్‌లు అనుమతించండి, ఇంటివాళ్ళతో వీడియోలో మాట్లాడనివ్వండి అని కేంద్ర ఆరోగ్యశాఖ 2020 జులై చివర్లోనే రాష్ట్రాలకి లేఖ రాసింది. నేను పడుకున్నది ఆ తర్వాత తొమ్మిది నెలలు దాటాక.

మూడు స్టార్లలో ఒకటి అచ్చంగా ఒక సిస్టర్‌ది. పాతికేళ్ళు కూడా ఉండవు. సూటు గుండెల మీద స్కెచ్ పెన్నుతో పెద్ద అక్షరాలతో తన పేరు రాసుకుని వచ్చేది, తెలుగులో. వస్తూనే, "ఆంటీ, ఇవాళ గురువారం, టైము రాత్రి ఎనిమిదిన్నర, బయట వాన పడుతోంది" అని చెప్పేది. మూడో రోజు బీరువాలోంచి నా కళ్ళజోడు తెచ్చి పెట్టింది ఆ అమ్మాయే. ముందు స్పిరిట్‌తో తుడిచింది, తర్వాత నా చెవుల వెనక వేలు పెట్టి, మాస్కు ఎలాస్టిక్ కింద పడకుండా సర్దింది. చేతి కట్లు విప్పి, "భయం వేస్తే పైపు పీకకండి, నన్ను పిలవండి" అంది. ఐదో బెడ్డు పెద్దాయన గురించి అడిగితే దాచలేదు. "అవునాంటీ, పోయారు. నేనూ ఏడ్చాను" అంది. ఆ రాత్రే నాకు నిద్ర పట్టింది.

క్యారేజీ లోపలికి పంపించినవాళ్ళకీ థాంక్స్ చెప్పాలి. సెక్యూరిటీ అతను ఏ రోజూ మార్చి ఇవ్వలేదు. మూత కింద అబ్బాయి చీటీ పెట్టేవాడు. "అమ్మా, పాపకి పన్ను వచ్చింది" అన్న చీటీ ఇప్పటికీ నా టేపు పెట్టుకునే డబ్బాలో ఉంది.

డిశ్చార్జి ఫైలు చాలా వివరంగా ఇచ్చారు. షుగరు చూసుకోవాలి, బోర్లా పడుకోవాలి, ఏ మాత్ర ఎన్ని రోజులు, అన్నీ ఉన్నాయి. నిద్ర పట్టకపోవచ్చు, ఉలిక్కిపడొచ్చు, అలా ఉంటే ఫలానా చోట చూపించుకోండి అన్న ఒక్క ముక్క లేదు. ఇంటికొచ్చాక నేను జిప్పు ముట్టుకోలేకపోయాను. గౌను ముందు పెట్టుకుంటే చేతులు చల్లబడేవి, చెమటలు పట్టేవి. రెండేళ్ళపాటు జిప్పు పని వస్తే వీధి చివర కుట్టే ఆమెకి పంపేదాన్ని. బద్ధకం అనుకున్నారు ఇంట్లో. నేనూ చెప్పలేదు.

2023లో మా కోడలు 14416కి చేసి ఫోను నా చేతిలో పెట్టింది. టెలీ మానస్ అని ప్రభుత్వానిదే, 2022 అక్టోబరులో మొదలైంది, ఉచితం, ఏ టైములోనైనా చేయొచ్చు. అవతల ఆవిడ చక్కటి తెలుగులో మాట్లాడింది, తొందరపెట్టలేదు. డెలిరియం అన్న మాట మొదట విన్నది ఆ ఫోను వల్ల దొరికిన డాక్టరు దగ్గరే. చిన్న పర్సు జిప్పు రోజుకోసారి, మెల్లగా, పగటి వెలుతురులో లాగమన్నారు. మొదట్లో సగం దాకానే లాగగలిగేదాన్ని. దసరాకి మా మనవరాలి గౌనుకి జిప్పు నేనే వేశాను. ఆ సర్వీసుకి ఐదుకి ఐదు.

పోయిన ఏడాది మా మరిదికి డెంగీ వస్తే మళ్ళీ అదే ఆసుపత్రి, అదే అంతస్తు. మెట్లెక్కుతుంటే కాళ్ళు వణికాయి గానీ ఎక్కాను. గోడకి గడియారం పెట్టారు. కిటికీల నల్ల కాగితం తీసేశారు, చెట్లు కనిపిస్తున్నాయి. పరదాలు మాత్రం అవే. సంచిలోంచి టేపు తీసి కొలిచాను. సందు 9 అంగుళాలు. ఇంకో పన్నా కలిపితే సరిపోతుంది. ఆ అంతస్తు ఇన్‌ఛార్జికి చెప్పాను, ఎందుకో కూడా చెప్పాను. ఆయన నిలబడి మొత్తం విన్నారు, నా నంబరు రాసుకున్నారు. ఆరు మంచాలకి గుడ్డ ఎంత పడుతుందో లెక్క వేసి చీటీ మీద ఇచ్చి వచ్చాను. కుట్టుకూలి వద్దన్నాను.