కీపాస్‌ఎక్స్‌సి: ఏళ్ల తరబడి వాడాక నా మాట

కీపాస్‌ఎక్స్‌సి అంటే మన పాస్‌వర్డ్‌లన్నిటినీ ఒక్క చోట తాళం వేసి దాచే ప్రోగ్రామ్, ఇలాంటివాటిని పాస్‌వర్డ్ మేనేజర్లంటారు. ముందే చెప్పేస్తాను. ఒక ఖాతా తెరిచి, యాప్ దించుకుని, మిగతాదంతా కంపెనీవాళ్లే చూసుకుంటారులే అనుకునేవాళ్లకి కీపాస్‌ఎక్స్‌సి పనికిరాదు. ఇందులో ఖాతా లేదు, సర్వర్ లేదు, చందా లేదు. పాస్‌వర్డ్ మర్చిపోయాను మొర్రో అని మొత్తుకుంటే వినే నాథుడూ లేడు. ఉన్నదల్లా మన కంప్యూటర్లో ఒక్క ఫైలు, దాన్ని తెరవడానికి ఒక మాస్టర్ పాస్‌వర్డ్. ఆ రెంటి బాధ్యతా మనదే. నేను దీన్ని ఇన్నాళ్లూ వదలకపోవడానికి కారణం అదే, అడిగినవాళ్లందరికీ సిఫారసు చేయకపోవడానికీ కారణం అదే.

దీని పుట్టుపూర్వోత్తరాలు కాస్త గజిబిజిగా ఉంటాయి. 2003లో డొమినిక్ రైష్ల్ విండోస్ కోసం కీపాస్ తయారుచేశాడు. లినక్స్, మ్యాక్ వాడేవాళ్ల కోసం కీపాస్‌ఎక్స్ అని ఇంకొకటి వచ్చింది. అది నత్తనడక నడుస్తుంటే ఓపిక నశించినవాళ్లు కొందరు దాని కోడ్ తీసుకుని వేరుకుంపటి పెట్టారు. అదే కీపాస్‌ఎక్స్‌సి. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ ఉచితంగా నడుస్తుంది, కోడ్ బహిరంగం. పేర్లు ఎన్ని ఉన్నా ఇవి వాడే ఫైలు రకం ఒకటే, కేడీబీఎక్స్. అంటే ఈ ప్రోగ్రామ్ రేపు ఆగిపోయినా నా ఫైలును ఇంకో ప్రోగ్రామ్‌లో అదే పాస్‌వర్డ్‌తో తెరుచుకోవచ్చు. మొదలుపెట్టినప్పుడు ఇలాంటివి ఎవరికీ పట్టవు. నాలుగైదేళ్లు వాడాక, వందల ఖాతాలు పోగయ్యాక, "ఇందులోంచి బయటపడాలంటే ఎలా?" అన్న ప్రశ్న వస్తుంది చూశారూ, అప్పుడు దీని విలువ తెలుస్తుంది.

పాస్‌వర్డ్‌లను తన సర్వర్లలో దాచిపెట్టే ఆన్‌లైన్ మేనేజర్ లాస్ట్‌పాస్ సంగతి గుర్తుండే ఉంటుంది. వాడుకదారుల వాల్ట్‌ల (ఒక్కొక్కరి పాస్‌వర్డ్‌ల పెట్టెల) బ్యాకప్ దొంగల చేతికి చిక్కిందని 2022 డిసెంబరులో ఆ సంస్థే ప్రకటించింది. పాస్‌వర్డ్‌లు ఎన్‌క్రిప్ట్ అయ్యే, అంటే తాళం పడే ఉన్నాయి గానీ, వెబ్‌సైట్ల చిరునామాలు మాత్రం మామూలుగానే ఉన్నాయి. ఎవరికి ఎక్కడెక్కడ ఖాతాలున్నాయో చదువుకోవచ్చన్నమాట. కీపాస్ తరహా ఫైలులో సైటు పేరు, యూజర్‌నేమ్, మనం రాసుకున్న నోట్సు అన్నీ కలిపి తాళం పడుతుంది. పైగా కోట్లమంది వాల్ట్‌లు ఒకే చోట పోగుపడి ఉండవు కాబట్టి, ఒక్క దెబ్బతో అందరినీ దోచుకునే వీలుండదు. అలాగని మన కంప్యూటర్లోకే దొంగ ప్రోగ్రామ్ దూరితే ఏ మేనేజరూ కాపాడలేదు. ఆ భ్రమ పెట్టుకోవద్దు.

రోజువారీ వాడకంలో నాకు అన్నిటికంటే విలువైనది బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్. పాస్‌వర్డ్ టైపు చేసే శ్రమ తప్పుతుందని మొదలుపెట్టాను గానీ, అసలు లాభం వేరే. సైటు చిరునామా సరిగ్గా కలిస్తేనే అది పాస్‌వర్డ్ అందిస్తుంది. మన కంటికి అచ్చం బ్యాంకు పేజీలాగే కనిపించినా, చిరునామాలో ఒక్క అక్షరం తేడా ఉంటే చాలు, నాకేమీ తెలియదన్నట్టు ఊరుకుంటుంది. ఎప్పుడూ నిండే పెట్టె ఇవాళ ఖాళీగా ఉందంటే, అక్కడే ఆగి పైన చిరునామా చదవడం నాకు అలవాటైపోయింది. ఇందులోనే ఆటో-టైప్ అని ఇంకో సౌకర్యం ఉంది. ఒక మీట నొక్కితే ఏ కిటికీలోనైనా తానే టైపు చేసేస్తుంది. బ్రౌజర్ కాని ప్రోగ్రామ్‌లకు భలే పనికొస్తుంది. కానీ అది మామూలుగా చూసేది కిటికీ శీర్షికనే, చిరునామాను కాదు. శీర్షిక ఎవరైనా ఎలాగైనా పెట్టుకోవచ్చు. అందుకని వెబ్‌సైట్ల దగ్గర నేను ఆటో-టైప్ వాడను.

ఎక్స్‌టెన్షన్ తనంతట తాను పనిచేయదు, వెనకాల అసలు ప్రోగ్రామ్ తెరిచి, తాళం తీసి ఉండాలి. ఇది కొందరికి చిరాకు. లినక్స్‌లో ఫ్లాట్‌ప్యాక్, స్నాప్ రూపంలో (మిగతా సిస్టమ్‌తో పెద్దగా సంబంధం లేకుండా విడిగా నడిచే ప్యాకేజీలుగా) బ్రౌజర్ పెట్టుకున్నవాళ్లకి ఈ రెంటినీ కలపడం ఇంకాస్త తలనొప్పి.

ఇక అసలు పితలాటకం సింక్, అంటే అన్ని పరికరాల్లోనూ ఫైలు ఒకేలా ఉండేలా చూడటం. ఒక్క కంప్యూటరే వాడే మనిషైతే ఈ భాగం వదిలేయవచ్చు. ఫోనులోనూ కావాలంటే ఆ ఫైలును అక్కడికి చేర్చే ఏర్పాటు మనమే చేసుకోవాలి. ఏదో ఒక క్లౌడ్ డ్రైవ్‌లో పెట్టుకోవచ్చు. మాస్టర్ పాస్‌వర్డ్ గట్టిదైతే అందులో పెద్ద ప్రమాదం లేదు. నేను సింక్‌థింగ్ వాడతాను, అది మధ్యలో ఎవరి దగ్గరా ఫైలు దాచకుండా మన పరికరాల మధ్యే నేరుగా పంపుతుంది. ఫోనులో ఆండ్రాయిడ్ కోసం కీపాస్‌డీఎక్స్ ఉంది. ఐఫోన్ వాళ్లకి స్ట్రాంగ్‌బాక్స్, కీపాసియం ఉన్నాయి. ఫోనులో ఒక మార్పు, అది చేరేలోపే కంప్యూటర్లో ఇంకో మార్పు చేస్తే రెండు ఫైళ్లు తయారవుతాయి. రెండో దాని పేరులో "సింక్-కాన్‌ఫ్లిక్ట్" అని తేదీతో సహా ఉంటుంది. కంగారుపడి ఏదో ఒకటి చెరిపేయకండి. కీపాస్‌ఎక్స్‌సిలో డేటాబేస్ మెనూలోకి వెళ్లి, మెర్జ్ అంటే రెంటినీ కలిపేస్తుంది. ఒకే ఎంట్రీ రెండు చోట్లా మారి ఉంటే కొత్తదాన్ని పైన ఉంచి, పాతదాన్ని ఆ ఎంట్రీ చరిత్రలో దాస్తుంది. ఈ చరిత్ర అనే ట్యాబ్ వల్ల నాకు బోలెడు నిశ్చింత. పాస్‌వర్డ్ మార్చాక సైటు మాత్రం పాతదే కావాలని మొండికేస్తే, పాతది అక్కడ భద్రంగా ఉంటుంది.

సింక్ ఉంది కదా, ఇంక బ్యాకప్ ఎందుకు అనుకునేవాళ్లకి ఒక్క మాట. ఒక చోట ఫైలు పోతే సింక్ దాన్ని మిగతా చోట్ల కూడా శ్రద్ధగా చెరిపేస్తుంది. అందుకే నెలకోసారి ఒక పెన్‌డ్రైవ్‌లోకి కాపీ వేసుకుని పక్కన పెడతాను. సేవ్ చేసే ముందు పాత ఫైలును విడిగా దాచే ఏర్పాటు సెట్టింగుల్లోనే ఉంది, దాన్నీ ఆన్ చేసుకోవడం మంచిది.

మాస్టర్ పాస్‌వర్డ్ గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే మిగతా కట్టడమంతా దానిమీదే నిలబడింది. ఫైలు దొంగ చేతికి చిక్కిందనుకుందాం. అతను చేయగలిగింది ఒక్కటే, ఊహించి ఊహించి ప్రయత్నించడం. ఆ ప్రయత్నాలను నెమ్మదింపజేయడానికి ఇందులో ఆర్గాన్2 అనే పద్ధతి వాడతారు. 2015లో పాస్‌వర్డ్ హ్యాషింగ్ పోటీలో నెగ్గిన పద్ధతి అది. ఒక్కో ప్రయత్నానికి ఎంతో సమయం, మెమరీ తినేలా చేస్తుంది. పాత ఫోనులో తాళం తీస్తుంటే మూడు నాలుగు సెకన్లు తిరుగుతూ ఉండేదీ అందుకే. మరీ విసుగైతే ఆ సమయాన్ని సెట్టింగుల్లో తగ్గించుకోవచ్చు. కానీ పాస్‌వర్డే బలహీనమైతే ఏ ఆర్గానూ ఆదుకోదు.

దీనికి పాచికలతో మాటలు ఎంచుకునే డైస్‌వేర్ పద్ధతి నాకు బాగా నచ్చింది. పాచిక ఐదుసార్లు వేస్తే ఒక అంకెల వరుస వస్తుంది, దాని ఎదురుగా జాబితాలో ఉన్న మాట తీసుకోవాలి. జాబితాలో 7,776 మాటలుంటాయి, అంటే ఆరును ఐదుసార్లు హెచ్చవేస్తే వచ్చేన్ని. అలా ఆరు మాటలు కూర్చితే సాధ్యమయ్యే కూర్పులు దాదాపు 22 పక్కన 22 సున్నాలు. పాచికలు లేకపోయినా కీపాస్‌ఎక్స్‌సిలోనే ఈ పని చేసిపెట్టే జనరేటర్ ఉంది. మనకి నచ్చిన పద్యపాదమో, సామెతో, పాట పల్లవో పెట్టుకుందామని మనసు లాగుతుంది. వద్దు. మనకి తెలిసినవి ఊరందరికీ తెలిసినవే. మాటలు మన బుర్రలోంచి కాక పాచికలోంచి రావడంలోనే బలమంతా ఉంది. తెలుగు మాటలు కావాలంటే ఏదైనా నిఘంటువులో పేజీ, వరుస కూడా పాచికలతోనే తేల్చుకుని తీసుకోండి. కాకపోతే వాటిని ఇంగ్లీషు అక్షరాల్లోనే టైపు చేసేలా పెట్టుకోండి. తెలుగు లిపిలో పెడితే, తెలుగు కీబోర్డు లేని కంప్యూటర్ ముందు కూర్చున్నప్పుడు దిక్కు తోచదు. పైగా కంటికి ఒకేలా కనిపించే తెలుగు మాటలో కనిపించని జాయినర్ (అక్షరాలు కలిసే తీరును మార్చే గుర్తు) ఒకటి దూరితే కంప్యూటర్‌కి అది వేరే మాట.

ఆ ఆరు మాటలూ ఒక కాగితంమీద రాసి, కవరులో అంటించి, ఇంట్లో ముఖ్యమైన కాగితాలుండే చోటే పెట్టాను. నవ్వుతారేమో. ఇంటర్నెట్ దొంగ నా బీరువా దాకా రాడు. నాకేమైనా అయితే మా ఇంట్లోవాళ్లకి మాత్రం అది కావాలి. ఇంత పకడ్బందీగా తాళం వేసి, తాళంచెవి మనతోపాటే పోయేలా చేయడం ఏం తెలివి?

పాస్‌వర్డ్‌లు కాకుండా ఇందులో పెట్టదగినవి చాలా ఉన్నాయి. రెండంచెల లాగిన్ పెట్టుకున్నప్పుడు ఇచ్చే రికవరీ కోడ్‌లు, సాఫ్ట్‌వేర్ లైసెన్సులు, పరికరాల సీరియల్ నంబర్లు, రౌటర్ వివరాలు. "మీ మొదటి స్కూలు పేరేమిటి?" లాంటి ప్రశ్నలకు నిజం చెప్పకుండా, జనరేటర్ ఇచ్చిన అర్థంపర్థంలేని మాట పెట్టి నోట్సులో రాసుకుంటాను. అసలు జవాబులు బంధువులందరికీ తెలుసు కదా. ముప్పై సెకన్లకోసారి మారే ఓటీపీ కోడ్‌లను కూడా ఇదే చూపించగలదు. మామూలు ఖాతాలకు అలాగే వాడుకుంటాను. ప్రధాన ఈమెయిల్‌ది మాత్రం వేరే యాప్‌లో ఉంచాను, రెండు తాళాలూ ఒకే గుత్తికి వేలాడకూడదని.

రిపోర్టుల పేజీ ఒకసారైనా చూడండి. బలహీనమైనవీ, రెండు మూడు చోట్ల వాడినవీ బయటపెడుతుంది. లీకైన పాస్‌వర్డ్‌ల జాబితాతో పోల్చే ఏర్పాటూ ఉంది. ట్రాయ్ హంట్ 2013లో మొదలుపెట్టిన హ్యావ్ ఐ బీన్ పోన్డ్ సేవతో అది పనిచేస్తుంది. మన పాస్‌వర్డ్ అక్కడికి వెళ్లదు, దాని హ్యాష్‌లో (పాస్‌వర్డ్ నుంచి లెక్కగట్టి తీసిన, వెనక్కి తిప్పడానికి వీల్లేని గుర్తులో) మొదటి ఐదు అక్షరాలే వెళ్తాయి, మిగతా పోలిక మన కంప్యూటర్లోనే జరుగుతుంది. లీకైన జాడ లేనప్పుడు మూడు నెలలకోసారి పాస్‌వర్డ్ మార్చుతూ కూర్చోనక్కరలేదు. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ కూడా 2017లోనే ఆ నియమం వద్దని చెప్పింది.

పాస్‌కీలు, అంటే పాస్‌వర్డ్ బదులు పరికరమే దాచుకునే రహస్య తాళంచెవులు, 2024లో వచ్చిన 2.7.7 వెర్షన్‌ నుంచి ఇందులో ఉన్నాయి. కంప్యూటర్లో హాయిగానే పనిచేస్తున్నాయి.

ఇంట్లో నలుగురూ కలిసి వాడుకోవాలంటే, ఫోను తప్ప కంప్యూటర్ ముట్టనివాళ్లుంటే దీని జోలికి పోవద్దు. ఆన్‌లైన్ మేనేజరో, బ్రౌజర్లో ఉన్నదో వాడండి. ఒకే పాస్‌వర్డ్ పదిచోట్ల పెట్టుకోవడంకంటే అవన్నీ వెయ్యి రెట్లు నయం. మీరే చూసుకోగలమనుకుంటే, బ్రౌజర్లో ఇప్పటికే దాచిన వాటిని సీఎస్‌వీ అనే మామూలు పట్టిక ఫైలుగా ఎగుమతి చేసి ఇందులోకి తెచ్చుకోవచ్చు. ఆ సీఎస్‌వీలో అన్నీ తాళం లేకుండా బట్టబయలుగా ఉంటాయి, పని కాగానే దాన్నీ, రీసైకిల్ బిన్‌నూ, బ్రౌజర్లో మిగిలిన పాత కాపీనీ ఖాళీ చేయండి. తర్వాత అన్నీ ఒకేరోజు మార్చాలని పూనుకోకండి. మొదట ఈమెయిల్, ఆపైన డబ్బుతో ముడిపడినవి. మిగతావి ఎప్పుడు లాగిన్ అయితే అప్పుడు మార్చుకుంటూ పోవచ్చు.